మూడేళ్ళ సడలింపు

మా వీధిలో ఎవరికి ఏ కాయితం వచ్చినా ముందు మా గుమ్మం దగ్గరికే వచ్చేది. పెన్షన్ ఫారం, బ్యాంకు నోటీసు, స్కూలు అడ్మిషన్, కరెంటు ఆఫీసు వాళ్ళ ఉత్తరం, ఏదైనా సరే. "దాని దగ్గరికి తీసకపో, అది చదివి చెప్తది" అనుకునేవాళ్ళు. చేతిలో పని పక్కన పెట్టి, కాయితం మొదటి నుంచి చివరి దాకా చదివి, ఎక్కడ సంతకం పెట్టాలో వేలు పెట్టి చూపించేదాన్ని. అలా చూపించడం నాకు చాలా ఇష్టంగా ఉండేది. ఆ ఇష్టం కాస్త ఎక్కువగానే ఉండేదని ఇప్పుడు ఒప్పుకోగలను.

మాది నరసరావుపేట. మా నాన్నకు పొలాల్లో మందు కొట్టే స్ప్రేయర్లు బాగుచేసే చిన్న షాపు ఉంది. మిర్చి, పత్తి పంట మీద ఉన్న రోజుల్లో నాదెండ్ల నుంచి, రాజుపాలెం నుంచి రైతులు బళ్ళ మీద మిషన్లు కట్టుకుని వస్తారు. ఆ నెలల్లో నాన్న తల ఎత్తడు. మేం ముస్లింలం. ఇంట్లో మా మాట ఉర్దూ తెలుగూ కలగలిసి ఉంటుంది. ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

ఇంటర్ అయ్యాక నేను కాలేజీకి వెళ్ళలేదు. డిగ్రీ దూరవిద్యలో కట్టి పూర్తి చేశాను. కానీ చదువు అంటే నాకు ఆ డిగ్రీ గుర్తుకు రాదు, శాఖా గ్రంథాలయం గుర్తుకొస్తుంది. పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు తెరిచేవాళ్ళు. ఆడవాళ్ళకు కిటికీ పక్కన ఒక బల్ల. చాలా రోజులు ఆ బల్లకు నేనొక్కదాన్నే. తెలుగు విజ్ఞాన సర్వస్వం సంపుటాలు వరసగా చదివాను, మధ్యలో రెండు లేకపోతే అవి దొరకలేదని బాధపడ్డాను. ఇంగ్లీషు పేపరులో సంపాదకీయం రోజుకొకటి నోట్‌బుక్‌లోకి ఎక్కించి, తెలియని మాటకు నిఘంటువు చూసి అర్థం రాసుకునేదాన్ని. అలాంటి నోట్‌బుక్కులు పదకొండు అయ్యాయి. కార్డు మీద ఇవ్వాల్సిన దానికంటే ఒక పుస్తకం ఎక్కువే ఇచ్చేవాడు లైబ్రేరియన్ సారు. "నువ్వు తీసుకెళ్ళినవి తిరిగొస్తాయి, అదీగాక చదివించుకుని మరీ వస్తాయి" అనేవాడు. ఆ మాట నేను ఇంట్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

విమానాశ్రయాలు నడిపే కేంద్ర ప్రభుత్వ సంస్థలో ఉద్యోగాలున్నాయన్న సంగతి కూడా ఆ బల్ల దగ్గరే, పేపరులో చూశాను. ఆఫీసు పనులు చూసే జూనియర్ ఎగ్జిక్యూటివ్. ఏ డిగ్రీ అయినా చాలు. నాకు విమానాల మీద మోజు లేదు. ఎక్కలేదు, ఎక్కాలనీ అనుకోలేదు. నన్ను పట్టుకున్నది ఆ ప్రకటనలో పని గురించి రాసిన నాలుగు వరసలు. వచ్చిన ఉత్తరాలకు జవాబులు తయారుచేయాలి. ఫైలు చదివి, నిబంధన చూసి, నోటు రాయాలి. సిబ్బంది సెలవులు, బదిలీల కాయితాలు సరిచూడాలి. మా గుమ్మం మీద కూర్చుని నేను ఊరికే చేస్తున్న పనికి ఒక కుర్చీ, ఒక బల్ల, ఒక జీతం ఉంటాయని నాకు అప్పుడే మొదటిసారి తెలిసింది.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. వయసు పరిమితి ఇరవై ఏడు. దరఖాస్తు పెట్టెయ్యవచ్చు. కానీ లెక్కల్లో నేను వెనక. శాతాలు, నిష్పత్తులు వస్తాయి గానీ వేగం రాదు. పరీక్షకు పోతే తయారై పోవాలి, ఊరికే పోయి ఓడిపోయి రాకూడదు అనుకున్నాను.

"పెట్టెయ్యమ్మా, రాస్తే పోయేదేముంది?" అన్నాడు లైబ్రేరియన్ సారు.

"తొందర లేదు సార్. బీసీలకి మూడేళ్ళు సడలింపు ఉంది. ముప్పై దాకా టైముంది నాకు."

"చూశావా మరి సరిగ్గా?"

"చూశాను సార్. రిజర్వేషన్ల పుస్తకం మూడో బీరువాలో ఉంది, తియ్యమంటారా?"

తియ్యొద్దన్నాడు. నా మీద ఆయనకు నమ్మకం. ఆ పుస్తకంలో తప్పు లేదు. రాష్ట్ర ప్రభుత్వం మా లాంటి కొన్ని ముస్లిం కులాలను బీసీ-ఇ అనే గుంపులో పెట్టింది. రాష్ట్రం ఇచ్చే ఉద్యోగాల్లో, కాలేజీ సీట్లలో మాకు కోటా ఉంది. అదంతా నిజమే. నేను ఆ పుస్తకాన్ని నమ్ముకుని రెండేళ్ళు లెక్కలు చేశాను.

మళ్ళీ ప్రకటన వచ్చేసరికి ఇరవై ఎనిమిది. నోటిఫికేషన్ ముప్పై పేజీలుంది. ప్రింటు తీయించుకుని, అదే బల్ల దగ్గర కూర్చుని చదివాను. అందులో ఒక వాక్యం ఉంది: ఓబీసీ సడలింపు కేంద్ర ప్రభుత్వ జాబితాలో ఉన్న కులాలకే వర్తిస్తుందని. ఆ వాక్యం నేను చదవలేదని అబద్ధం చెప్పను. చదివాను. తెలిసిందే కదా అని పక్క పేరాకు వెళ్ళిపోయాను. మా పేటలో అందరం అనుకునేది ఒకటుంది. మన దగ్గర బీసీ అన్నదాన్నే ఢిల్లీలో ఓబీసీ అంటారు, వాళ్ళకు కాయితం నమూనా వేరు, ఇంగ్లీషులో ఇస్తే చాలు, అంతే తేడా. ఇది నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, అందరితో పాటు నాకూ తెలుసు. పుస్తకంలో చదివినది, వీధిలో విన్నది నా తలలో ఎక్కడ అతుక్కుపోయాయో నాకే తెలియదు. ఫోన్లో దరఖాస్తు తెరిచి, కేటగిరీ దగ్గర ఓబీసీ నొక్కాను. వయసు గడి ఎర్రగా మారకుండా ముందుకు పోనిచ్చింది. దాంతో ఉన్న కాస్త అనుమానం కూడా పోయింది.

పరీక్ష గుంటూరు బయట ఒక ఇంజనీరింగ్ కాలేజీలో, కంప్యూటర్ల మీద రాశాను. బాగా రాశాను. ఇంగ్లీషు భాగం ముందే అయిపోయి, మిగిలిన టైమంతా లెక్కలకు వాడుకున్నాను. కొన్ని వారాలకు జాబితా వచ్చింది. అందులో నా నంబరుంది. ఒకటికి పదిసార్లు హాల్ టికెట్ పక్కన పెట్టి అంకె అంకె సరిచూశాను.

పక్కింటి పిన్ని ఆ సాయంత్రమే వచ్చింది. "ఏమే, ఇంక గాల్లోనే తిరుగుతావన్నమాట. మమ్మల్ని పైనుంచి చూసి గుర్తుపడతావా?"

"విమానంలో కాదు పిన్నీ. ఆఫీసులో ఫైళ్ళు చూసే పని."

"ఫైళ్ళకేనా ఇన్నేళ్ళు చదివింది? అయ్యో, నేనింకా టోపీ పెట్టుకుని నడుపుతావనుకున్నా" అంది. మా అమ్మ పడీపడీ నవ్వింది. అమ్మ అలా నవ్వగా చూసి చాలా రోజులైంది.

సర్టిఫికెట్లు సరిచూడ్డానికి చెన్నై రమ్మని పిలుపు వచ్చింది. మూడు వారాలు టైముంది. రాష్ట్రం ఇచ్చే బీసీ-ఇ సర్టిఫికెట్ నా దగ్గర ఉంది. కేంద్రం నమూనా కాయితం నోటిఫికేషన్ చివర్లో ఉంటే ప్రింటు తీసుకుని, రెండూ పట్టుకుని తహసీల్దారు ఆఫీసుకు వెళ్ళాను. అక్కడ డిప్యూటీ తహసీల్దారు చూస్తాడు ఇవి. నెమ్మదస్తుడు. రెండు కాయితాలు పక్కపక్కన పెట్టి చూశాడు.

"బీసీ-ఇ కదమ్మా మీది?"

"అవును సార్. సెంట్రల్ ఫార్మాట్‌లో కావాలి."

"ఫార్మాట్ సంగతి కాదమ్మా. మీది సెంట్రల్ లిస్టులో లేదు."

నేను నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. పాపం ఈయనకు తెలియదు అన్నట్టు నవ్వాను. "ఉంటది సార్, ఒకసారి చూడండి. నేను చదివాను."

"ఎక్కడ చదివారు?"

"లైబ్రరీలో."

పక్క టేబుల్ దగ్గర గుమాస్తా తల ఎత్తకుండానే అన్నాడు: "మరి లైబ్రేరియన్‌తోనే సంతకం పెట్టించుకోకపోయావా అమ్మా, ఇంత దూరం ఎండలో ఎందుకు?"

వెనక క్యూలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. డిప్యూటీ తహసీల్దారు మాత్రం నవ్వలేదు. కంప్యూటర్ తెర నా వైపు తిప్పాడు. కేంద్ర జాబితా, మన రాష్ట్రానికి. నేను నిలబడే చదివాను. మొదటి నుంచి చివరి దాకా. మా మతంలోని ఒకటి రెండు కులాల పేర్లు కనిపించాయి. మాది లేదు. మళ్ళీ మొదటికి వెళ్ళి ఇంకోసారి చదివాను.

"ఏందమ్మా, నవల చదువుతున్నావా? అవతల బస్సెళ్ళిపోద్ది" అన్నాడు వెనక నుంచి ఎవరో.

"సెంట్రల్ ఉద్యోగాలకు మీరు ఓసీ కిందకే వస్తారు" అన్నాడు ఆయన. "ఆదాయం తక్కువుంటే ఈడబ్ల్యూఎస్ పెట్టుకోవచ్చు. పేద ఓసీలకు ఇచ్చే కోటా. అది కావాలంటే ఇస్తాం."

"దాంట్లో వయసు సడలింపు ఉంటదా సార్?"

"ఉండదు. మీ వయసెంత?"

చెప్పాను. ఆయన కాయితాలు రెండూ సరిగ్గా సర్ది నా చేతికిచ్చాడు. అప్పటికే నాకు అర్థమైపోయింది. ఇరవై ఆరేళ్ళప్పుడు దరఖాస్తు పెట్టి ఉంటే ఏ సడలింపూ అవసరం లేకుండా నేను పరీక్ష రాసేదాన్ని. ఉన్న ఒక్క అవకాశాన్ని, లేని మూడేళ్ళను చూసుకుని వదిలేశాను.

ఆఫీసు మెట్లు దిగి నడుస్తుంటే ఇంకొకటి తట్టింది. మా వెనక వీధిలో బ్లౌజులు కుట్టే అమ్మాయి ఒకతె ఉంది. మా కులమే. డిగ్రీ అయింది. పోయిన నెలలో కేంద్రం ఉద్యోగాల ప్రకటన ఏదో పట్టుకుని వచ్చి, "పెట్టమంటావా అక్కా?" అని అడిగింది. దానికి ఇరవై ఆరు. "కుట్టు పని ఎక్కువగా ఉందన్నావుగా, వచ్చేసారి పెడుదువులే. మనకి మూడేళ్ళుంది" అన్నాను. అదే గొంతుతో, అదే ధీమాతో. ఆ సంగతి గుర్తుకురాగానే తల పక్కకు తిప్పుకున్నాను. ముందు నాది చూసుకోవాలి అనుకున్నాను.

మర్నాడు షాపులో నాన్న దగ్గర కూర్చున్నాను. ఆయనకు చెప్పాను, ఆయనకు సగమే అర్థమైంది. అంతలో రాజుపాలెం వైపు నుంచి ఒక రైతు స్ప్రేయర్ తీసుకుని వచ్చాడు. పాతికేళ్ళుగా నాన్న దగ్గరికే వస్తాడు. వాళ్ళ అన్న సర్పంచిగా చేశాడు. ఆఫీసుల్లో మనుషులు తెలుసు. నేను బాబాయ్ అని పిలుస్తాను.

"ఏంది భాయ్, తండ్రీకూతుళ్ళు మొహాలు ఏలాడేసుకున్నారు? పాపకి ఉద్యోగం వచ్చిందని మా ఊళ్ళో గూడా చెప్పా గదా నేను!"

నాన్న చెప్పాడు. ఆయన విని, మిషన్ కింద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఇంతేనా! దీనికా ఇంత గోల! ఎమ్మార్వో ఆఫీసులో మనోడున్నాడు. ఆ లిస్టులో మీ మతమోళ్ళ కులం ఇంకోటి ఉందన్నావుగా? ఆ పేరుతో రాపిద్దాం. ఢిల్లీవోడికి సాయిబులంతా ఒకటే. ఎవుడొచ్చి చూస్తాడు నరసరావుపేటకి?"

"నా స్కూలు టీసీలో కులం రాసుంది బాబాయ్."

"అదీ మారుద్దాం. స్కూలు ఏడికన్నా పారిపోయిందా?"

నాన్న పెట్రోలు వెళ్ళే సన్న బెజ్జమున్న కార్బొరేటర్ జెట్టు ఒకటి నోట్లో పెట్టుకుని ఊదుతున్నాడు. దాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. మళ్ళీ ఊదాడు. అది ఎప్పుడో శుభ్రమైపోయిందని నాకు తెలుసు. ఒద్దంటాడని ఎదురుచూశాను. అనలేదు.

ఆ సాయంత్రం అమ్మ నా పక్కన కూర్చుంది. "మోసం ఎట్టా అవుతదే? పరీక్ష నువ్వు రాసిందేగా? మార్కులు నీయేగా? ఒక్క పేరు మారిస్తే పోయేదేముంది? మీ తాత పేరేమన్నా మార్చమన్నారా?"

రెండు రోజులు ఆలోచించాను. ఆలోచించలేదని చెప్తే అది కూడా అబద్ధమే. ఒక పూట సరే అనుకున్నాను. ఆ కులం పేరు కాయితం మీద రాసి, పక్కన నా పేరు రాసి చూసుకున్నాను. తర్వాత నోటిఫికేషన్ మళ్ళీ తీశాను. ఈసారి వేలు పెట్టి చదివాను. తప్పుడు కుల ధ్రువీకరణతో చేరినవాళ్ళను ఎప్పుడు తెలిసినా తీసేస్తామని, కేసు కూడా పెడతామని రాసుంది. భయం వేసింది. నేను ఒప్పుకోకపోవడంలో సగం ఆ భయమే. మిగతా సగం ఏమిటంటే, నేను కోరుకున్న పనే ఇతరుల కాయితాలు సరిచూసే పని. రోజూ పొద్దున పోయి, నా తప్పుడు కాయితం దాచుకుని కూర్చుని, పక్కవాళ్ళ కాయితాల్లో తప్పు వెతకాలి. అలా కూర్చున్న నన్ను ఊహించుకోలేకపోయాను.

"వద్దు అబ్బా" అన్నాను. నాన్నను నేను అబ్బా అనే పిలుస్తాను.

ఆయన చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. "మరి చెన్నై?"

"పోదాం. ఉన్నదే చూపిద్దాం. లేదని వాళ్ళ నోటితో వాళ్ళే అననీ."

"అడిగితే పోయేదేముంది" అన్నాడు. అమ్మ మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు. రైతు బాబాయ్ మిషన్ తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు సంగతి విని, "చదువుకున్నోళ్ళతో ఇదే తంటా భాయ్. తలుపు తీసి పెడితే, ముందు దాని కొలత తీస్తారు" అని నవ్వాడు. కోపంగా అనలేదు. అయినా గుచ్చుకుంది.

పోయే ముందు లైబ్రరీలో కూర్చుని ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాశాను. ఒక పేజీ. ఏం పొరపాటు పడ్డానో, ఎందుకు పడ్డానో, ఏ కాయితం నా దగ్గర ఉందో, ఏది లేదో. వయసు విషయంలో ఏదైనా వెసులుబాటు ఇచ్చే అధికారం సంస్థకు ఉంటే నా విన్నపం పరిశీలించమని. నాలుగుసార్లు తిరగరాశాను. బతిమాలినట్టు ఉన్న మాటలన్నీ తీసేశాను.

తెనాలిలో రైలెక్కి చెన్నై వెళ్ళాం. మిర్చికి మందు కొట్టే అదునులో నాన్న షాపు మూయడం నేను ఎప్పుడూ చూడలేదు. విమానాశ్రయం పక్కనే ఆఫీసు. గేటు దగ్గర నాన్నను ఆపేశారు, అభ్యర్థులకే లోపలికి. ఆయన రోడ్డు అవతల నీడ చూసుకుని నిలబడ్డాడు.

లోపల పొడుగాటి గది. నా ముందు పది పన్నెండు మంది, ఒళ్ళో ఫైళ్ళు పెట్టుకుని. నన్ను పిలిచిన బల్ల దగ్గర ఒక మేడం ఉంది. నలభై దాటి ఉంటాయి. ఆమె ముందు ఫైళ్ళకు చిన్న చిన్న రంగు చీటీలు అతికించి ఉన్నాయి. పెన్సిలు ఒకటి, పెన్ను ఒకటి. ఏది తీసినా మళ్ళీ అదే చోట పెడుతోంది. నేను ఇన్నేళ్ళు అనుకున్నది సరిగ్గా ఇలాంటి బల్ల.

కేంద్రం ఓబీసీ సర్టిఫికెట్ ఏదని ఇంగ్లీషులో అడిగింది. నా ఇంగ్లీషు చదివింది గానీ మాట్లాడింది కాదు. గొంతులోకి వచ్చేసరికి మాటలు ఒకదాన్నొకటి తోసుకున్నాయి. అందుకని సర్టిఫికెట్‌తో పాటు ఉత్తరం కూడా ముందుకు జరిపాను. ఆమె ఉత్తరం తీసుకుని మొత్తం చదివింది. పైపైన కాదు. ఒకచోట ఆగి వెనక్కు వెళ్ళి మళ్ళీ చదివింది.

"ఇది ఎవరు రాశారు?"

"నేనే మేడం."

"బాగా రాశారు" అంది. ఆ తర్వాత పక్కాయనతో ఏదో మాట్లాడింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. వయసు సడలించే అధికారం తమకు లేదని, ప్రకటనలో లేని సడలింపు ఎవరికీ ఇవ్వలేమని ఆమె నాకు నెమ్మదిగా, అర్థమయ్యేలా చెప్పింది. తర్వాత, చెప్పాల్సిన పని లేకపోయినా, ఒక కాయితం నా వైపు తిప్పి పెన్సిలుతో రెండు అంకెలు చూపించింది. ఒకటి నా మార్కులు. రెండోది ఏ రిజర్వేషనూ లేనివాళ్ళకు పెట్టిన కటాఫ్ మార్కులు. నావే ఎక్కువ.

ఆమె దయగా చూపించిందో, ఊరికే చూపించిందో నాకు తెలియదు. చూపించకపోతే బాగుండేదని చాలా రోజులు అనుకున్నాను. "వయసు మించినందున అర్హత లేదు" అని నా ఫారం మీద రాసి, చదివి సంతకం పెట్టమంది. చదివాను. పెట్టాను.

బయటికి వచ్చేసరికి నాన్న ఆకాశం వైపు చూస్తున్నాడు. ఒక విమానం దిగుతోంది. "దిగినాక ఇంజన్ ఇంకా గట్టిగా అరుస్తంది చూడు" అన్నాడు. "మొదట చెడిపోయిందనుకున్నా. కాదు, అన్నీ అట్టే అరుస్తన్నాయి. ఆగడానికేమో గాలిని ముందుకు తంతన్నట్టుంది." పొద్దుటి నుంచి ఎన్ని దిగాయో చూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాతే నా మొహం చూశాడు.

"కాలేదు అబ్బా."

తల ఊపాడు. బస్సు కోసం నడుస్తుంటే అడిగాడు, ముందుకు చూస్తూనే: "రెండేళ్ళ కిందట పెట్టుంటే?"

"వచ్చేది."

తిరుగు ప్రయాణంలో, నేను నిద్రపోయాననుకుని, నా ఒళ్ళో జారిపోతున్న ఫైలు తీసి తన పక్కన పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక వీధిలో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. "లిస్టులో కులం లేదంట" అని అమ్మ చెప్తే, "అన్యాయం" అన్నారు అందరూ. నేను ఆ మాటను అలాగే ఉండనిచ్చాను. అన్యాయం ఉందేమో, ఒక కాయితంలో ఉండి ఇంకో కాయితంలో లేకపోవడం ఎందుకో నాకు ఇవాళ్టికీ అర్థం కాదు. కానీ నా విషయంలో జరిగింది అదొక్కటే కాదు. ఆ వాక్యం నా ముందు ఉంది. నేను దాన్ని దాటి వెళ్ళాను. వారం రోజులు లైబ్రరీకి పోలేదు. పోతే సారు అడుగుతాడు.

ఎనిమిదో రోజు వెనక వీధికి వెళ్ళాను. ఆ అమ్మాయి మిషన్ మీద కూర్చుని ఉంది. ఒళ్ళో ఆకుపచ్చ బ్లౌజు ముక్క. "రా అక్కా, కూర్చో. పాపం, నీకు జరిగింది విన్నాను" అంది.

"నాకు జరిగింది కాదు, నేను చేసుకుంది" అన్నాను. మొత్తం చెప్పాను. ఇరవై ఆరు, ఇరవై ఎనిమిది, పుస్తకం, వాక్యం, చెన్నైలో చూసిన రెండు అంకెలు. చివర్న, "పోయిన నెల నీకు చెప్పింది కూడా తప్పే. కేంద్రం ఉద్యోగాలకు నీకూ మూడేళ్ళు లేవు. ఒక్క ఏడాదే ఉంది" అన్నాను.

మిషన్ చక్రం మీద చెయ్యి అలాగే ఉంచి చూసింది. "అంటే ఆ నోటిఫికేషన్..."

"అయిపోయింది. నిన్ననే గడువు."

"నిన్ననా?"

"నిన్న."

"నువ్వు చెన్నై నుంచి వచ్చి ఎన్ని రోజులైంది అక్కా?"

వారం అని చెప్పాను. అంతకు ముందు నుంచే నాకు తెలుసని కూడా చెప్పాను. దాని దగ్గర దాయడానికి ఇంక ఏమీ మిగల్లేదు.

"నీ మొహమాటానికి నా వారం పోయింది" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది. బ్లౌజు ముక్క మడత పెట్టి పక్కన పెట్టింది. "నేను చదువుకోలేదా ఏంది? నాకు ఇంగ్లీషు రాదా? నువ్వు చెప్పావని నేను ఆ కాయితం తెరవను కూడా తెరవలేదు."

నేను లేచి వెళ్ళిపోవాలో కూర్చోవాలో తెలియక కూర్చున్నాను. కాసేపటికి అది ఫోన్ తీసింది. ఇంకో కేంద్ర శాఖలో గుమాస్తా ఉద్యోగాల ప్రకటన ఎవరో పంపారట, గడువు ఇంకా ఉందట. తెరిచింది. అలవాటుగా నేను చెయ్యి చాచాను.

"నువ్వు చదవొద్దు. నేను చదువుతా, నువ్వు విను."

మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. నెమ్మదిగా, ఒక్కో మాట దగ్గర ఆగి చదువుతోంది. కొన్ని మాటలు తప్పు పలుకుతోంది. సరిచేయాలని నోటిదాకా వచ్చింది, ఊరుకున్నాను. మూడో పేజీలో ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఏ ఆర్థిక సంవత్సరానిది కావాలో రాసి ఉంది. ఆ వాక్యం మెలిక పడి ఉంది. చదవడం ఆపి నా వైపు చూసింది.

"అంటే ఇప్పుడు తీసుకుంటే పనికొస్తదా, పోయిన ఏడాదిది కావాలా?"

నాకు తెలుసనే అనిపించింది. నోట్లో జవాబు సిద్ధంగా ఉంది కూడా. "తెలియదు" అన్నాను. "రేపు పొద్దున తహసీల్దారు ఆఫీసుకు పోయి అడుగుదాం. ఆ పేజీ నంబరు రాసుకో."

అది సుద్దముక్కతో, కట్టింగ్ బల్ల మీదే రాసుకుంది. తర్వాతి పేజీ తిప్పింది.